గోడ వెనక విన్న సినిమాలు

కుందలహళ్ళిలో మా ఆఫీసులో డిసెంబరు చివరి వారం ఒక ఆట ఆడతారు. క్యాంటీన్‌లో బల్లలు కలిపి కూర్చుని, కొత్త సంవత్సరంలో ఏం సాధించబోతున్నారో ఒక్కొక్కరూ చెప్పాలి. ఒకరు బరువు తగ్గుతానంటారు, ఇంకొకరు గిటార్ నేర్చుకుంటానంటారు. మొన్న మా టీములో కొత్తగా చేరిన కర్నూలు కుర్రాడి వంతు వచ్చింది. "నేను చూడకుండా వదిలేసిన క్లాసిక్స్ అన్నీ చూసేస్తా. వారానికొకటి" అన్నాడు. అందరూ నవ్వారు. "అదేం గోల్ రా బాబూ! కాళ్ళు చాపుకుని కూర్చోడమేగా" అని ఒకమ్మాయి ఎగతాళి చేసింది.

"అంత సులువేం కాదు" అన్నాను నేను, నాకు తెలియకుండానే కొంచెం గట్టిగా.

"మీకెలా తెలుసు మేడమ్?"

నాకు తెలుసు. ఆ లక్ష్యం పెట్టుకుని పదేళ్ళు దాని వెంట పరిగెత్తిన మనిషి పక్కన నేను నడిచాను. ఆమె పోయి ఏడాదిన్నర అయింది. క్యాంటీన్‌లో టీ చల్లారేలోగా చెప్పగలిగినంత చెప్పాను. చెప్పింది చాలలేదనిపించి ఇది రాస్తున్నాను.

తొంభై ఆరులో తెనాలి నుంచి బెంగళూరు వచ్చాను, ఎలక్ట్రికల్ డిప్లొమా చేతబట్టుకుని. పీణ్యలో ఒక చిన్న మోటార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం. తయారైన కాయిళ్ళకు కరెంటు పెట్టి పరీక్షించడం నా పని. నా బల్ల పక్కనే వైండింగ్ సెక్షను. అక్కడ తొమ్మిది మంది ఆడవాళ్ళు రోజంతా రాగి తీగ చుట్టేవారు. వాళ్ళలో పెద్దది ఆమె. నలభై ఆరో నలభై ఏడో ఉంటాయి. పొట్టిగా, చామనచాయగా ఉండేది. ఎవరు మాట్లాడినా వాళ్ళ ముఖంలోకి చూసేది కాదు. కళ్ళు నేలమీద పెట్టి, ఎడమ చెవి కాస్త ముందుకు వంచి వినేది. మొదట్లో నేనంటే చులకన అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది ఆమె శ్రద్ధ అని.

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అక్కా అనేవాళ్ళు, ఆమెకన్నా పెద్దవాడైన వాచ్‌మన్‌తో సహా. వాళ్ళది ఎన్నో తరాలుగా బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. మాట తెలుగు, చదువు కన్నడం. తీగ చుట్లు లెక్కపెట్టేది కన్నడంలో, మధ్యలో కబుర్లు చెప్పేది తెలుగులో. "అరవత్తెరడు, అరవత్మూరు, తిన్నావా పాపా, అరవత్నాల్కు..." లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ ఎవరిదో ట్రాన్సిస్టరులో పాత తెలుగు సినిమా ఒకటి కుదించి వినిపిస్తున్నారు. ఆమె పెరుగన్నం కలుపుతూ, రేడియోలో మాట రాకముందే ఆ మాట అనేస్తోంది. తండ్రి మాట తండ్రి గొంతుతో, కూతురి మాట కూతురి గొంతుతో. తలుపు కిర్రుమనే చోట తలుపు కూడా కిర్రుమంది, ఆమె నోట్లో. నేను ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాను.

"ఎన్నిసార్లు చూశారక్కా ఈ సినిమా?"

"ఒగ తూరి కూడా చూడలే."

"మరి?"

"వింటిని. పది వారాలు. దినానికి మూడాట్లు."

వాళ్ళ నాన్న కంటోన్మెంటు వైపు ఒక థియేటరులో గేట్ కీపరు. టికెట్లు చించి లోపలికి పంపేవాడు. ఆ ఆవరణలోనే, సరిగ్గా తెర ఉన్న గోడకు వెనక, రెండు గదుల ఇల్లు ఇచ్చారు. ఆమె పుట్టింది అక్కడే, పెళ్ళయ్యేదాకా పెరిగింది అక్కడే. తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఏ సినిమా వచ్చినా గోడలోంచి ఇంట్లోకి వచ్చేది. రెండో పాట రాగానే వాళ్ళమ్మ పొయ్యిమీద బియ్యం పెట్టేది. విలన్ నవ్వితే చెల్లెలు ఏడ్చేది. కానీ పిల్లల్ని మాత్రం వాళ్ళ నాన్న ఒక్కనాడూ లోపలికి పంపలేదు. ఆయనకు ముందున్న గేట్ కీపరును, బంధువుల్ని ఊరికే పంపుతున్నాడని యజమాని ఒక్క పూటలో ఇల్లు ఖాళీ చేయించాడట.

"మా నాయన అనేవాడు, నా బిడ్డల కాలు ఆ వాకిలి దాటితే మన మూట బయటుంటాది అని. మేము దాటలే. ఒగ తూరి నా చెల్లెలు దాటబోతే నేనే జుట్టు పట్టి లాక్కొస్తిని" అంది నవ్వుతూ.

పెళ్ళయ్యాక? భర్త సిల్కు మిల్లులో పని. మంచివాడే కానీ చీకట్లో జనం మధ్య కూర్చుంటే ఊపిరాడదు ఆయనకు. తర్వాత ముగ్గురు పిల్లలు, ఈ ఫ్యాక్టరీ. అలా వయసు నలభై దాటిపోయింది.

తొంభై ఏడు మొదట్లో ఆ థియేటరును పడగొడుతున్నారని కబురొచ్చింది. ఆదివారం నన్ను తోడు రమ్మంది. మేం వెళ్ళేసరికి సగం పడిపోయి ఉంది. వాళ్ళు ఉన్న రెండు గదులూ అప్పటికే లేవు. తెర గోడలో పెద్ద బొక్క పడి ఉంది. ఆమె చెప్పులతోనే ఇటుకల గుట్ట ఎక్కి ఆ బొక్కలోంచి లోపలికి తొంగి చూసింది. వరసలుగా విరిగిన కుర్చీలు, వెనక గోడలో ప్రొజెక్టరు కిటికీలు రెండు, పైనుంచి ఎండ. చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడుతున్నాను.

"ఇంతేనా పాపా?" అంది దిగుతూ. "నా తలకాయలో దీనికి నాలుగంతలుండాది."

బస్సెక్కి కిటికీ పక్క కూర్చున్నాక, ఉన్నట్టుండి నా చేయి పట్టుకుంది. "నేను వినిన సినిమాలన్నీ చూసేస్తా. ఈ ఉగాది నుంచి. నెలకొగటి. ఏడాదికి పన్నెండు. ఏమంటావు?"

నేనేమంటాను? నాకు ఇరవై రెండేళ్ళు. ఆదివారాలు హాస్టల్ గదిలో బట్టలుతుక్కుంటూ గడిపేదాన్ని. "నేనూ వస్తా" అన్నాను.

ఉగాది మర్నాడు ఆమె ఒక పట్టీ తెచ్చింది. మోటారు గాడుల్లో తీగకు అడ్డం పెట్టే దళసరి కాగితం మీద, కన్నడ అక్షరాల్లో తెలుగు సినిమాల పేర్లు పన్నెండు. దాన్ని తన పనిబల్ల సొరుగు లోపల అంటించింది. నియమాలు కూడా పెట్టింది. మధ్యలో లేచి వెళ్తే ఆ సినిమా లెక్కలోకి రాదు. కునుకు పడితే రాదు. టీవీలో చూస్తుండగా కరెంటు పోతే అసలే రాదు. ఆ ఏడాది పన్నెండూ కాకపోతే, మిగిలినవి వచ్చే ఏడాది పట్టీలో పైన కూర్చుంటాయి, వాటిని ముందు చూడాలి.

మొదటి సినిమా మెజస్టిక్‌లో ఉదయం ఆట. అప్పట్లో అక్కడ ఒకటి రెండు థియేటర్లలో పొద్దుటి పూట పాత సినిమాలు వేసేవారు. వైండింగ్ సెక్షను మొత్తం వస్తానని ఎగిరింది, తీరా ఆ రోజుకు మిగిలింది మేమిద్దరమే. ఆమె నెమలికంఠం రంగు పట్టుచీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. గేటు దగ్గర ఆగిపోయింది. వెనకాల జనం తోస్తున్నారు. గేట్ కీపరు టికెట్లు తీసుకుని అడ్డదిడ్డంగా చించాడు.

"అంకె మీద చించినావు కదప్పా" అంది అతనితో. "చుక్కలుండే కాడ మడిచి చించాల. మా నాయన ఒగ ఊపిరికి నలభై చించేవాడు, ఒగటి కూడా వంకర పోయేది లేదు."

అతను బిత్తరపోయి చూశాడు. తర్వాత పదేళ్ళలో బెంగళూరులో ఎన్ని థియేటర్లకు వెళ్ళామో, అంతమంది గేట్ కీపర్లకూ ఆమె మార్కులు వేసింది. బాగా చించిన వాళ్ళను ఆగి మెచ్చుకునేది.

లోపల దీపాలు ఆరాయి. సినిమా మొదలైంది. ఆమె వంక చూస్తే కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది!

"అక్కా, కళ్ళు తెరవండి."

"ఉండు. ఈ గొంతు ఎవరిదో తెలుసుకోనీ."

ఆ తర్వాత ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. చిన్నప్పటి నుంచీ ఆమె ఒక గొంతును ప్రేమించింది. లోతైన, మెత్తటి మగగొంతు. దానికి తనకు తోచిన ముఖం పెట్టుకుంది, ఎత్తూ మీసమూ పెట్టుకుంది. తెరమీద ఆ గొంతు మాట్లాడింది బట్టతలా, గుండ్రటి పొట్టా ఉన్న ఒక మామయ్య నోటినుంచి.

"ఈ గొంతుకి ఈ మొగమా!" అని పైకే అనేసింది. ఆపుకోలేక నవ్వింది. ఆ నవ్వు నాకంటుకుంది. ఇక తెరమీద మాట రాకముందే తను అనేయడం మొదలుపెట్టింది. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి, "కథంతా ముందే చెప్పేస్తున్నారు, ఎన్నోసారమ్మా చూడ్డం?" అని విసుక్కున్నాడు.

"ఇదే మొదటి తూరప్పా. దేవుని మీద ఆన" అందామె. ఆయన నమ్మలేదు. విశ్రాంతి వేళ మాత్రం మా పక్కకొచ్చి కూర్చుని, తర్వాత ఏమవుతుందో చెప్పమన్నాడు.

ఆ ఏడాది ఏడే చూడగలిగాం. రెండో ఏడాది తొమ్మిది. అన్నీ బాగున్నాయని కాదు. చెవికి బ్రహ్మాండంగా ఉన్న ఒక జానపద సినిమా కంటికి వచ్చేసరికి, రంగులేసిన గుడ్డ అడవీ, తాడు కనిపిస్తూ ఎగిరే గుర్రమూ. ఆమె ముఖం చిన్నబోయింది. "నా అడవిలో పులి ఉండె" అంది. అయినా చివరిదాకా కూర్చుంది. లెక్క లెక్కే. ఇంకో సినిమాలో నేను నిద్రపోయాను. ఆమె లేపలేదు. సోమవారం తన బల్ల సొరుగు తెరిచి పట్టీ చూపించింది. ప్రతి పేరు పక్కనా రెండు గుర్తులుండేవి, ఒకటి ఆమెది, ఒకటి నాది. ఆ సినిమా పక్కన ఒకటే ఉంది. "మళ్ళీ వచ్చినప్పుడు పోయి చూసుకో. నేను రాను" అంది, ఏమాత్రం జాలి లేకుండా. నిజంగానే ఆరు నెలల తర్వాత ఒక్కదాన్నే పోయి చూశాను. అది ఎంత మంచి సినిమానో! చూసొచ్చి నేను ఎగురుతూ చెప్తుంటే, ఎడమ చెవి వంచి మొత్తం విని, అప్పుడు రెండో గుర్తు పెట్టింది.

మూడో ఏడాది మాఘమాసం నాటికి పదకొండయ్యాయి. ఉగాది ఇంకా నెలన్నర ఉంది. ఒక్కటి చాలు. ఆ ఒక్కటీ ఎక్కడా దొరకని సినిమా. ఒక చిన్న రైల్వే స్టేషను మాస్టరు, ఆయన భార్య, లైను మార్చే పని చేసే ఆయన తమ్ముడు, వీళ్ళ కథ. ఆమె పదకొండో ఏట వాళ్ళ గోడ వెనక పద్నాలుగు వారాలు ఆడింది. క్యాసెట్ లేదు, టీవీలో రాదు. నగరంలో ఒక ఫిల్మ్ సొసైటీ వాళ్ళు ఆ సినిమా ప్రింటు ఎక్కడినుంచో తెప్పించి, శనివారం మధ్యాహ్నం మూడింటికి వేస్తున్నారని నేను పేపర్లో చూశాను. ఆ ముక్క కత్తిరించి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. చుట్టడం ఆపేసింది. లెక్క తప్పింది. ఆమె లెక్క తప్పగా నేను చూసింది ఆ ఒక్కసారే.

శనివారం మాకు పూర్తి పనిదినం. పైగా ఆ వారం పెద్ద ఆర్డరు ఒకటి పోవాలి. ఆమె మేనేజరు గదిలోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"శనివారం ఒంటిగంటకి పోవాల సార్."

"ఎందుకమ్మా?"

"సినిమాకి."

మేనేజరు కలం కింద పెట్టాడు. "ఏమిటీ?"

"సినిమాకి సార్. మూడు గంటల ఆట."

"ఇంట్లో ఎవరికో బాగాలేదని చెప్పొచ్చు కదా. నేనూ సరేననేవాణ్ణి. సినిమాకని సెలవిస్తే రేపు అందరూ వచ్చి నిలబడతారు."

"ఇంట్లో అందరూ బాగుండారు సార్. బాగుండేవాళ్ళ మీద ఏంటికి రోగం పెట్టేది?"

ఆయన కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. చివరికి, "ఆ రోజు ముప్ఫై కాయిళ్ళూ పూర్తిచేసి వెళ్ళు" అన్నాడు. అది సాయంత్రం అయిదున్నర దాకా పట్టే పని. కుదరదని చెప్పే మర్యాదైన పద్ధతి అది.

శనివారం ఆమె తెల్లవారి ఆరింటికే వచ్చి వాచ్‌మన్ చేత షెడ్డు తీయించింది. నేను వచ్చేసరికి ఏడు కాయిళ్ళు వరసగా నా బల్లమీద ఉన్నాయి. ఆ రోజు ఒక్క కబురూ లేదు, ఒట్టి లెక్కే. పన్నెండున్నరకు ఇరవై మూడు. మిగతా ఎనిమిది మందీ చూస్తూనే ఉన్నారు. ఒకామె వచ్చి తను చుట్టిన కాయిల్ ఒకటి ఆమె వరసలో పెట్టి వెళ్ళింది. తర్వాత ఇంకొకామె. అలా ఆరుగురు. ఒంటిగంటన్నరకు ముప్ఫై పూర్తయ్యాయి.

నేను పరీక్ష పెడుతున్నాను. ఇరవై తొమ్మిది పాసయ్యాయి. ముప్ఫయ్యోది పోయింది. అది ఆమె చుట్టిందే. నేను ఆమె వంక చూసి మెల్లగా, "సోమవారం చూద్దాంలే అక్కా" అన్నాను.

"అట్ల అనొద్దు. ఎవరింట్లోనో నీళ్ళ మోటారు అది" అని లాక్కుని, తీగంతా విప్పేసి మళ్ళీ చుట్టింది. రెండు దాటి అయిదు నిమిషాలకు మేం గేటు బయటపడ్డాం.

యశ్వంతపురం దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, వెనక లారీలు. దిగి పరిగెత్తాం. చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని ఆమె నాకన్నా ముందు పరిగెత్తింది. ఆటో దొరికింది. దారిపొడుగునా డ్రైవరుకు కథ చెప్పింది, అతను ఎర్రదీపాల దగ్గర కూడా వెనక్కి తిరిగి వింటూ. హాల్లోకి అడుగు పెట్టేసరికి తెరమీద పేర్లు పడుతున్నాయి.

చిన్న హాలు. డెబ్భై మంది ఉంటారేమో. వెనక బల్లమీద ప్రొజెక్టరు టకటకలాడుతోంది. ఆమె కళ్ళు మూసుకోలేదు ఈసారి. రెండు రీళ్ళు హాయిగా నడిచాయి. గూడ్సు బండి ప్రమాదం అయింది. తమ్ముణ్ణి జైల్లో పెట్టారు. అసలు తప్పు అన్నయ్యదని ఆయన భార్యకు తెలుసు. పెద్ద ఆఫీసర్లు విచారణకు వచ్చారు. భార్యను పిలిచారు. మూడో రీలు ఎక్కించారు. బొమ్మ వచ్చింది, మాట రాలేదు. గరగరమని ఒకటే రొద.

దీపాలు వేశారు. కళ్ళజోడు పెట్టుకున్న సొసైటీ కార్యదర్శి ముందుకొచ్చి, ప్రింటు పాతదనీ, ఈ రీలులో శబ్దం చెరిగిపోయిందనీ, దీన్ని వదిలేసి నాలుగోది వేస్తామనీ చెప్పాడు.

ఆమె లేచి నిలబడింది. "వదలొద్దప్పా."

"ఏమీ వినబడదమ్మా."

"బొమ్మ నడిపించు. నేను చెప్తా."

నేను ఆమె కొంగు పట్టి లాగాను. "అక్కా, కూర్చోండి." ఆమె నా చేయి విడిపించుకుని ముందుకు నడిచి, తెర పక్కన నిలబడింది. కార్యదర్శి జనం వంక చూశాడు. ఎవరో, "కానివ్వండి సార్" అన్నారు. దీపాలు ఆర్పారు.

మొదటి మాట కొంచెం ముందుగా వచ్చేసింది, పెదవులు తర్వాత కదిలాయి. రెండోది కలిసింది. అక్కణ్ణుంచి ఇక తప్పలేదు. ఆఫీసరు గద్దింపు, స్టేషను మాస్టరు తడబాటు, మధ్యలో మేక అరుపు, దూరంగా బండి కూత, అన్నీ ఆమె గొంతులోంచే. ఆమె తెర వైపు చూస్తూ చెప్తోంది. మాట తనది, ముఖం వాళ్ళది. మొదటిసారి రెండూ కలుస్తుంటే ఆమె గొంతు ఉత్సాహంతో అంతకంతకూ పెరుగుతోంది. తెరమీద భార్య నిలబడింది. ఆఫీసరు అడిగాడు, ఆ పూట జెండా ఎవరు ఊపారని.

"ఎవరూ ఊపలేదు. ఆయన ఇంట్లో నిద్రపోతున్నారు. దుప్పటి కప్పింది నేనే."

తెరమీద ఆ భార్య పెదవులు ఇంకొకసారి కదిలాయి. ఏదో అడిగినట్టుంది. ఆ మాట మాత్రం అక్క నోట రాలేదు. పెదవులు ఆగిపోయాయి, సీను సాగిపోతోంది.

"ఈ మాట నాకు తెల్దు" అంది ఆమె చీకట్లోంచి, తన గొంతుతో. "పద్నాలుగు వారాలూ ఈడ ఈలలే. ఎవరికైనా తెలుసునా?"

వెనక వరసలోంచి ఒక ముసలి గొంతు లేచింది. "నాకూ తెలీదు తల్లీ. ఆ ఈలలేసిన వాళ్ళలో నేనొకణ్ణి."

హాలంతా గొల్లున నవ్వింది. ఆమె కూడా నవ్వింది, నవ్వుతూనే తర్వాతి మాట అందుకుంది. రీలు అయిపోయేసరికి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. కొంతమంది ఈలలు కూడా వేశారు. ఆమె వచ్చి నా పక్కన కూర్చుని, చల్లటి చేత్తో నా చేయి పట్టుకుని, "శానా గట్టిగా అరిస్తినా పాపా?" అని అడిగింది.

సోమవారం మేనేజరు స్వయంగా వైండింగ్ సెక్షనుకు వచ్చి సినిమా ఎలా ఉందని అడిగాడు. ఆమె మొత్తం చెప్పింది. ఆ తప్పిపోయిన మాట ఏమై ఉంటుందని వారం రోజులు ఫ్యాక్టరీ అంతా తర్జనభర్జన. "నన్ను క్షమించండి" అని ఉంటుందన్నారు ఒకరు. "తాళి తీసుకోండి" అని ఉంటుందన్నారు ఇంకొకరు. మేనేజరు గది తలుపు తీసుకుని వచ్చి, "నా మరిదిని వదిలిపెట్టండి, అని ఉంటుంది" అని చెప్పి మళ్ళీ లోపలికి పోయాడు.

రెండు వేలలో నేను సాఫ్ట్‌వేరు టెస్టింగ్ నేర్చుకుని కుందలహళ్ళి వైపు వచ్చేశాను. మెజస్టిక్‌లో పొద్దుటి ఆటలు తగ్గిపోయాయి. అయినా నెలకో రెణ్ణెల్లకో కలిసేవాళ్ళం, పట్టీ ఆగలేదు. నాలుగేళ్ళ తర్వాత ఒక అంగట్లో వీసీడీలు తిరగేస్తుంటే ఆ స్టేషను మాస్టరు సినిమా కనబడింది. పట్టుకుని ఆటోలో వాళ్ళింటికి పరిగెత్తాను. మూడో భాగం పెట్టాం. దుప్పటి మాట వచ్చింది. ఆమె టీవీకి దగ్గరగా జరిగి, చెవి వంచింది. ఆ భార్య అడిగింది: "కొంచెం మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

నాకు ఉసూరుమనిపించింది. "దీనికోసమా ఇన్నాళ్ళు!" అన్నాను.

ఆమె మాత్రం తల ఊపుతూ ఉంది. "సరే కదా పాపా. అంత మాట చెప్పినాక గొంతు ఎండిపోదా?" అంది. అదే సీను ఇంకోసారి పెట్టించుకుని, ఈసారి ఆ ముఖం చూసింది.

ఆ తర్వాతి ఏడాదికి ఆమె విన్న సినిమాలు అయిపోయాయి. రిటైరయి, సర్జాపుర రోడ్డులో కూతురి కొత్త ఫ్లాటుకు మారింది. ఇక పట్టీ ఉండదనుకున్నాను. ఉగాది నాడు ఫోను. "ఈ తూరి నేను విననే వినని సినిమాలు. వేరే దేశాలవి. యాడ వేస్తారో నువ్వు కనుక్కో."

నగరంలో అప్పుడే చలనచిత్రోత్సవం జరుగుతోంది. నేను సెలవు పెట్టాను, సినిమాకని చెప్పే పెట్టాను. కూతురు ఫ్లాటు గుమ్మంలో నిలబడి, "ఇంట్లో ఇంత పెద్ద టీవీ ఉండాది, ఏంటికమ్మా ఎండలో పోయేది?" అంటోంది.

"టీవీ ఉండాది. జనం యాడుండారే?" అని ఆమె లిఫ్టులోకి నడిచింది.

మంచు కొండల దేశం సినిమా. ఒక ముసలాయన, ఒక గాడిద, ఎక్కడికో పొడుగాటి ప్రయాణం. కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. ఆమెకు ఆ భాష రాదు, ఇంగ్లీషూ చదవలేదు. నేను ఆమె చెవిలో మెల్లగా తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండు మాటలు చెప్పానో లేదో, ఆమె అరచెయ్యి నా నోటిమీద పడింది.

"చెప్పొద్దు పాపా. ఇన్నాళ్ళూ వింటిని. ఇంగ చూడనీ."

నేను నోరు మూసుకున్నాను. గంటన్నర ఆమె కదల్లేదు. గాడిద మంచులో జారినప్పుడు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. బయటికొచ్చాక కథంతా నాకు చెప్పింది, దారిలో నిలబడి, చేతులు తిప్పుతూ. ఆ ముసలాయన పోయేది విడిపోయిన తమ్ముడి దగ్గరికనీ, గాడిద ఆ తమ్ముడిదేననీ, తిరిగి ఇచ్చేయడానికి పోతున్నాడనీ. సినిమాలో అసలు తమ్ముడే లేడు. ఆయన పోయింది ఊరి సంతకు. కింద పడిన అక్షరాలన్నీ నేను చదివాను కదా. చెబుదామని నోరు తెరిచాను. ఆమె కథ మళ్ళీ ఒకసారి మనసులో వేసి చూసుకుంటే, ఆ ముసలాయన గాడిద మెడ నిమిరిన తీరుకు అదే సరిగ్గా అతికింది.

చెప్పడానికి వ్యవధి కూడా లేదు. ఆమె అప్పటికే తర్వాతి ఆట వరసలో నిలబడి ఉంది, తన ముందు కాస్త ఖాళీ వదిలి, నన్ను రమ్మని రెండు చేతులూ ఊపుతూ.